నాపరాయి పాట, మోకాలేసిన ఎద్దు

మా ముత్తాత పెద్ద తిమ్మారెడ్డి జమ్మలమడుగు కింద నల్లరేగడి ఊర్లకు మునసబు. పెన్న దాటి వచ్చే బండ్లు ఆయన వాకిట్లో ఆగకుండా ముందుకు పోయేవి కావని పెద్దలు చెప్పేవాళ్లు. మా జేజినాయన, అంటే తాత, చిన్న తిమ్మారెడ్డి ప్రొద్దుటూరులో శెనక్కాయ నూనె మిల్లు పెట్టాడు. చుట్టుపక్కల పండిన పంటంతా ఆ గేటులోంచే పోయేది. తగవు చెప్పించుకోవడానికి వచ్చినవాళ్లు నిలబడేవాళ్లు, ఆయన కూర్చునేవాడు. నా కాలానికి ఆ మిల్లులో ఒక గోడౌన్ మిగిలింది. అందులో నేను రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. దీన్ని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. వినేవాళ్లు జాలిపడాల్సిన పనీ లేదు.

నేను చెప్పబోయేది 2023 సంగతి. స్టూడియో అనగానే సినిమా పాటలు అనుకుంటారు. ప్రొద్దుటూరులో మాకు పని ఇచ్చేది బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు, తిరునాళ్లు, బండలాగుడు పోటీలు. ప్రకటన రాసుకుని వస్తారు. గొంతు రికార్డు చేసి, వెనక దరువు చేర్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాం. దాన్ని ఆటో మీద హారన్లు కట్టుకుని ఊరూరా తిప్పుతారు. హారన్ అంటే గరాటు ఆకారంలో ఉండే లౌడ్‌స్పీకరు. దానికి మెత్తని శబ్దాలు పలకవు. మాట మాత్రం ఫర్లాంగు దూరం పోతుంది.

అందువల్ల నాకు ఒక పద్ధతి ఉంది. ఏ పనికైనా మిక్స్ అయిపోగానే, అంటే గొంతుకూ దరువుకూ పాళ్లు కుదరగానే, దాన్ని ముందు ఆటో హారన్ల మీద వింటాను. గదిలో ఎంత కమ్మగా ఉన్నా, మైదుకూరు రోడ్డు మీద లారీల మధ్య మాట తెలియకపోతే ఆ పని నా లెక్కలో పూర్తి కానట్టే. ఈ పరీక్షకు ఓబులేసు అనే ఆటో డ్రైవరు వచ్చేవాడు. ప్రచారానికి తిరిగేదీ అతనే.

ఆ జనవరిలో జమ్మలమడుగు నుంచి బాషా వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని. స్నానం చేసి వచ్చినా కనుబొమల్లో రాతిపొడి తెల్లగా ఉంది.

"సార్, ఒక ఆల్బం చెయ్యల్ల," అన్నాడు.

"భక్తి పాటలా?"

"కాదు సార్. రాప్. హార్డ్‌కోర్."

"అంటే ఏంది?"

"రాగం ఉండదు సార్. మాటే దరువు. ఉన్న కోపం ఉన్నట్ల, ఎదుటోని మొగాన కొట్టినట్ల చెప్పల్ల."

"మా ఊర్లల్లో మాట్లాడుకునేది అదే గదప్పా. దానికి స్టూడియో ఎందుకు?"

బాషా నవ్వలేదు. "దరువు మీద చెప్తే రాప్ అంటారు సార్. ఊరికే చెప్తే తగువంటారు."

ఆ జవాబు నాకు నచ్చింది. అయినా నా షరతులు చెప్పాను. అమ్మల మీద, అక్కచెల్లెళ్ల మీద మాటలు నా గోడౌన్‌లో రికార్డు కావు. కులం పేర్లు కావు. "కోపం ఉండచ్చా సార్?" అని అడిగాడు. ఎంతైనా ఉండచ్చన్నాను. "అయితే సరే. నాకుండేది అదొక్కటే," అన్నాడు.

అతను అంతకుముందు బెంగుళూరులో మరో ఇద్దరితో కలిసి పాడేవాడట. ఆ ఇద్దరూ హైదరాబాదు పోయి, నీ తెలుగుతో మమ్మల్ని కూడా నవ్వులపాలు చేస్తావు, మాట మార్చుకుంటే రా అన్నారట. బాషా మార్చుకోలేదు. ఒక్కడే ఒక ఆల్బం చేయాలని తిరిగొచ్చి ఫ్యాక్టరీలో చేరాడు. పాడటానికి పెట్టుకున్న పేరు నాపరాయి. వాళ్ల నాయన కూడా అదే ఫ్యాక్టరీలో రాయి కోసి కోసి, ఆ పొడి రొమ్ముకు చేరి, దగ్గుతూ పోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు వాళ్లమ్మ మాబున్ని వెంట వచ్చింది. జమ్మలమడుగులో రవికలు కుట్టే మనిషి. గోడౌన్ గడప దగ్గరే నిలబడి, నేను కూర్చోమన్నా కూర్చోక, చెప్పాల్సింది చెప్పింది.

"అప్పా, మా తమ్ముడు కువైట్‌లో వీనికి డ్రైవరు పని చూసినాడు. వీసా వచ్చిండాది. వీడేమో ఈ పాటలంటాడు. రంజాన్ నెల పుట్టేలోగా తేలల్లని చెప్పినా. పదిమంది విని బాగుండాదంటే ఈడనే ఉండనీ. లేదంటే మాట్లాడకుండా ఇమానం ఎక్కల్ల. ఒట్టేసినాడు."

"పదిమందంటే తలకాయలు లెక్క పెడతావా మా?" అన్నాడు బాషా.

"నువ్వు నోరు మూసుకో. నేను రెడ్డితో మాట్లాడతాండా."

రికార్డింగు మొదలుపెట్టాం. మా గోడౌన్‌కు పరిచింది నాపబండలే. బండ మాటను వెనక్కి కొడుతుంది. అది గొంతుమీద పడకుండా గోడలకూ నేలకూ గోనెసంచులు వేస్తాం. బాషా ఆ సంచుల మధ్య నిలబడి ఫ్యాక్టరీ పొడి మీద, బస్టాండులో కువైట్‌కు సాగనంపే ఏడుపుల మీద, వాళ్లమ్మ కుట్టుమిషను మీద చెప్పాడు. సంగీతం నాకు తెలుసుననుకునేవాణ్ణి. రాగమే లేని ఆ మాటల్లో నిలకడ చూసి, ఇతను ఆషామాషీ మనిషి కాదని మొదటిరోజే అర్థమైంది.

మా పనిలో పంచ్ ఇన్ అని ఒకటి ఉంది. పాడుతున్నవాడు ఒకచోట తప్పితే ఆ ముక్క మాత్రమే మళ్లీ రికార్డు చేసి అతికిస్తాం. బాషా దానికి ఒప్పుకోలేదు. తప్పితే మొదటినుంచి చెప్పేవాడు.

"ఒక్క బిగిన పుట్టింది మామా. ముక్కలు జేస్తే సచ్చిపోతాది." అప్పటికే సార్ పోయి మామా వచ్చింది.

అన్నిటికంటే గట్టి పాట పేరు 'వస్తాండా'. దాని ఎత్తుగడ ఇది:

*వస్తాండా వస్తాండా నీ వాకిట్లోకే వస్తాండా*
*గడియేసుకో గొళ్లెమేసుకో గోడ దూకి వస్తాండా*
*నీ ఎద్దెంత నీ జతెంత నీ కాడెంత నీ కతెంత*
*నా బండ కాడి కొచ్చినాక మోకాలేసేదెంతెంత*

తనను చూసి నవ్వినవాళ్లకు అది సవాలు. మా వైపు తిరునాళ్లలో ఎద్దుల జతకు పెద్ద బండ కట్టి లాగిస్తారు. లాగలేని ఎద్దు ముందరికాళ్ల మీద కూలబడితే మోకాలేసింది అంటారు. బలం అంటే ఇక్కడి మనిషికి మొదట గుర్తొచ్చేది ఆ బండే. కాబట్టి నాకు ఆ మాటల్లో విడ్డూరం కనిపించలేదు.

మిక్స్ చేసేటప్పుడు ప్రకటనలకు చేసినట్టే చేశాను. మాటకూ మాటకూ మధ్య వినపడే ఊపిరిని కోసేశాను. బంగారు అంగడి ప్రకటనలో ఊపిరి వినబడితే ఆ అంగడే ఆయాసపడుతున్నట్టు ఉంటుంది. బాషా విన్నాడు.

"శానా బాగుండాది మామా. కానీ దాంట్లో నేను ల్యా."

"గొంతు నీదే గదా."

"గొంతు నాదే."

అతనికి పని తెలియదనుకున్నాను. ఎప్పటిలాగే ఓబులేసు ఆటో మీద పెట్టి మైదుకూరు రోడ్డంతా తిప్పాం. ప్రతి మాటా తెలిసింది. ఆల్బం ఇంటర్నెట్‌లో పెట్టాం.

వచ్చిన స్పందన చెప్తాను. ఒకరు ఇది తెలుగేనా అని రాశారు. ఒకరు కింద తెలుగులో అర్థం వేయమన్నారు. ఇంకొకరు సినిమాలో విలన్ పక్కన నిలబడేవాడు మైకు లాక్కున్నట్టుంది అన్నారు. పాత స్నేహితులిద్దరూ ఏమీ రాయకుండా నవ్వే బొమ్మలు పెట్టారు. హైదరాబాదులో సంగీతం గురించి రాసే ఒకాయన గొంతు బాగుంది, యాసే అడ్డం అని తేల్చాడు. మా జేజినాయన తగవులన్నీ తీర్చింది ఈ యాసలోనే. ఆయన తీర్పు అర్థం కాలేదని ఎవరూ తిరిగి రాలేదు. ఆ రాతను నేను పట్టించుకోలేదు గానీ, బాషా పట్టించుకున్నాడు.

"మా యమ్మకు ఏమని చెప్పల్ల మామా?" అన్నాడు.

ఆ వారమే శివరాత్రి తిరునాళ్ల బండలాగుడు ప్రచారం నడుస్తోంది. ఓబులేసు పులివెందుల, వేముల వైపు తిరుగుతున్నాడు. ప్రచారం ఆటోలకు ఒక అలవాటు ఉంది. ఒకే ప్రకటన మళ్లీ మళ్లీ వేస్తే జనం చెవులు మూసుకుంటారు. అందుకని మధ్యలో ఒక పాట వేసి, ఇళ్లలోంచి మనుషులు బయటికి వచ్చాక మళ్లీ ప్రకటన వేస్తారు. ఏ పాట అన్నది డ్రైవరు ఇష్టం. ఓబులేసు వేముల మండలంలో ఒక ఊర్లో, ఫలానా ఊరి జతలు, ఫలానావారి ఎద్దులు పాల్గొంటాయన్న ప్రకటన తరువాత, పరీక్ష నాటినుంచి పెన్‌డ్రైవ్‌లో ఉండిపోయిన 'వస్తాండా' వేశాడు.

మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"రెడ్డీ, నన్ను ఆటోతో గూడా దొడ్లో పెట్టినారు."

"ఎవురు?"

"చిన్నపరెడ్డి. మర్యాదగానే ఉండారు. కాఫీ ఇచ్చినారు. తాళంచెవి ఇయ్యల్యా."

"ఏం చేసినావు?"

"పాటేసినా. మన బాషాది. బాగుండాది గదాని."

అప్పటికి ఆ పాటను ఎవరూ చెప్పకుండా తనంతట తాను మెచ్చుకున్న మొదటి మనిషి ఓబులేసే. ఆ మెచ్చుకోలు ఎక్కడికి తెచ్చిందో చూడండి. అంతకుముందటి ఏడాది పోటీలో ఆ ఊరి పెద్ద చిన్నపరెడ్డి ఎద్దు జనం మధ్యలో మోకాలు వేసింది. పెండ్లిమర్రి జత గెలిచింది. ఇప్పుడు అవే రెండు ఊర్ల పేర్లు చదివి, ఆ వెంటనే నీ ఎద్దు మోకాలేస్తుంది, నీ వాకిట్లోకే వస్తాండా అని హారన్లు అరిచాయి. మా ప్రాంతంలో ఎద్దును అనడం ఇంటిని అనడమే. వాకిట్లోకి వస్తానని ఊరు వినేలా చెప్పడం ఏమిటో ఇక్కడివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

చిన్నపరెడ్డి ఫోన్ తీసుకున్నాడు. "తిమ్మారెడ్డి మనమడివి గదా నువ్వు?"

"అవును."

"పెండ్లిమర్రోళ్లు దుడ్లిచ్చి పాట కట్టిస్తే నువ్వు రికార్డు చేసినావా? మీ ఇంట్లో ఇట్లాంటి పనులు లేకపాయె గదప్పా."

"వాళ్లు కట్టించింది కాదు. అది వేరే పాట. మీ ఎద్దు సంగతి ఆ పిల్లోనికి తెల్దు."

"తెల్దో తెలుసో నా మొగం జూసి చెప్పమను. వాన్ని తోడుకోని రా. ఊరి ముందర తప్పయిందని చెప్పల్ల. ఆ పాట ఏ ఫోన్లోనూ లేకుండా నా ముందర తీసేయల్ల. నా తమ్ముని కొడుకులు నేను చెప్పేదాకా ఆగినారు. ఎంతసేపు ఆగుతారో నాకు తెల్దు."

బాషాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పాట తీసేస్తే ఆల్బంకు వెన్నెముక ఉండదు. క్షమాపణ చెప్పి తీసేశాడన్న మాట బయటికి పోతే ఇక ఆ గొంతులో కోపాన్ని ఎవరూ నమ్మరు. తీసేయకపోతే ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను. బాషా అక్కడే వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ఆమె గొంతు నాకూ వినపడింది.

"నువ్వు ఆయప్పను అన్న్యావా?"

"లేదు మా. ఆయప్ప ఎవురో గూడా తెల్దు."

"అనింటే తప్పని చెప్పు. అనకుంటే పోయి పాడు. ఇంట్లో దాక్కుండేవానికి పాటెందుకు?"

మరునాడు పొద్దున్నే ఇద్దరం బస్సులో పులివెందుల పోయాం. బస్టాండు పక్కన టీ తాగుతుంటే హోటలాయన మా మాటలు విని బాషాను ఎగాదిగా చూశాడు.

"ఎద్దు పాట పిల్లోడివి నువ్వేనా?"

"అది ఎద్దు పాట కాదన్నా."

"ఏదోలే. నిన్న ఆటో కాడ ఎవురో ఫోన్లో పట్టినారంట. ఈడ అందరి ఫోన్లలో ఉండాది. చిన్నపరెడ్డి కాడికే గదా పోయేది? ఇంగో టీ తాగిపో. దుడ్లొద్దు."

నన్ను చూసి బాషా చిన్నగా నవ్వాడు. చిన్నపరెడ్డి పంపిన జీపు వచ్చింది, ఎక్కాం.

చిన్నపరెడ్డి దొడ్డిలో ఒక వైపు మా ఆటో, రెండో వైపు ఎద్దుల జత. నడుమ ఊరి మనుషులు. ఓబులేసు గడ్డివామి నీడలో మంచం మీద దర్జాగానే ఉన్నాడు. చిన్నపరెడ్డికి డెబ్భై దాటి ఉంటాయి. నిటారుగా ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ వేయించాడు. బాషాకు వేయించలేదు. నేనూ కూర్చోలేదు.

"కూచోప్పా," అన్నాడు.

"ఇద్దరం వచ్చినాం," అన్నాను.

ఆయన ఒక క్షణం నన్ను చూసి, ఆ సంగతి అక్కడికి వదిలేసి బాషా వైపు తిరిగాడు. బాషా ఫోన్ తీసి పాట పెట్టబోయాడు.

"ఆ చప్పుడొద్దు. నోటితో చెప్పు."

పశువులు తాగే రాతితొట్టి ఒకటి పక్కనే ఉంది. బాషా దాని అంచు మీద అరచేత్తో దరువు పట్టుకున్నాడు. మొదటి నాలుగు మాటలకే చిన్నపరెడ్డి తమ్ముని కొడుకు ఒకడు ముందుకు వచ్చాడు. పెద్దాయన చేయి అడ్డం పెట్టి ఆపాడు. బాషా ఆపలేదు. గొంతు మొదట పీలగా వచ్చింది, తరువాత నిలదొక్కుకుంది. ఆటోను మధ్యలోనే ఆపడంతో ఆ ఊర్లో ఎవరూ వినని రెండో చరణంలోకి పోయాడు.

*నవ్వినోళ్లంతా నవ్వినారు నా నాలిక మీద దుమ్మని*
*దుమ్ము కాదప్పా పొడి అది, మా నాయన రొమ్ము సొమ్మని*
*రాయి కోసినోడు పాయె, రాయి మాత్రం పాలిషాయె*
*నున్నంగున్న మీ ఇంటి నేల, మా నాయన దగ్గు సున్నమాయె*

ఇక్కడ నేను పనివాడిగా గమనించినది చెప్పాలి. స్టూడియోలో నేను కోసేసిన ఊపిరులన్నీ ఆ దొడ్డిలో ఉన్నాయి. బాషా మాట చెప్పి ఊపిరి లోపలికి లాగినప్పుడల్లా అక్కడున్న మనుషులు కూడా ఆగారు, తరువాత ఏం వస్తుందోనని. మాటను నమ్మించింది మాట కాదు, దానికి ముందు లాగిన ఊపిరి. దగ్గుతో చనిపోయినవాని కొడుకు గొంతులో ఊపిరి తీసేసి నేను బాగుచేశాననుకున్నాను.

పాట అయిపోయింది.

"ఇది నా మీద కాదా?" అన్నాడు చిన్నపరెడ్డి.

"కాదు పెద్దాయనా. నన్ను జూసి నవ్వినోళ్ల మీద."

"మరి ఎద్దెందుకొచ్చె? నీకు ఎద్దుండాదా?"

"ఈ జన్మలో యాడిదీ. చిన్నప్పుడు మా నాయన భుజాన ఎక్కించుకోని బండలాగుడుకు తోడుకోనిపోతాండె. బలమంటే నాకు గుర్తొచ్చేది అదే."

తమ్ముని కొడుకు ఒప్పుకోలేదు. "ఎవురిమీదైతే ఏంది పెదనాయనా. పెండ్లిమర్రోళ్లు రేపు తిరునాళ్లలో దీన్నే ఏసి ఈలలేస్తారు. తీసేయల్ల."

ఆ మాటా అబద్ధం కాదు. నేను ఏదో అనబోయేంతలో పెద్దాయన లేచి జత దగ్గరికి పోయాడు. కుడిపక్క ఎద్దు ముందరికాలు మోకాలి మీద వెంట్రుకలు లేని మచ్చ ఉంది. దాని మీద చేయి వేశాడు.

"ఈడికి రా," అని బాషాను పిలిచాడు. "ఇది మోకాలేసింది. అబద్ధమేం లేదు, ఊరంతా జూసింది. మోకాలేసి మళ్లా లేసింది. లేసి గీత దాకా లాగింది. అది గూడా ఊరంతా జూసింది. గెలవల్యా, ఆ మాట వేరే. నీ పాటలో మోకాలేసేదుండాది, లేసేది యాడుండాది?"

"అట్ల లేస్తాదని నాకు తెల్దు పెద్దాయనా."

"తెల్దంటే తెలుసుకోని కట్టు. సగం జెప్పి పోయేవాడు మాటగాడు కాదు."

బాషా అక్కడే గొంతుక్కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. ఎట్లా లేచింది, ముందు ఏ కాలు ఎత్తింది, ఎంత సేపు పట్టింది. జత తోలే మనిషి పక్కనే ఉన్నాడు. అతను చెప్పాడు: "కొట్టల్యా. చెర్నాకోల ఆడ పారేసినా. కాడి కింద నేనూ భుజం పెట్టి పేరు పెట్టి పిలిచినా. దానికి అనిపించినప్పుడు కుడికాలు ముందెత్తి లేసింది." తమ్ముని కొడుకు కూడా ఉండబట్టలేక, ముందు ఎడమకాలు ఎత్తిందని తోలేవాణ్ణి సరిదిద్దాడు. ఇద్దరూ దాని మీద వాదించుకున్నారు. ఆ వాదన నడుస్తుండగానే బాషా పెదవులు కదిలించుకుంటూ చరణం కట్టుకున్నాడు.

"తీసేయను పెద్దాయనా. తప్పయిందని గూడా చెప్పను, నేను అనల్యా గాబట్టి. మూడో చరణం చేరుస్తా. తిరునాళ్లలో మీ జత బండ కాడికి వచ్చేటప్పుడు నేనే వచ్చి చెప్తా."

చిన్నపరెడ్డి ఎద్దు మెడ నిమిరాడు. "తిరునాళ్లలో అది చెప్పినాక వచ్చి తాళంచెవి తీస్కపోండి," అన్నాడు.

"అయితే అంతవరకూ నేను ఈడనేనా?" అన్నాడు ఓబులేసు మంచం మీదనుంచి.

"కాఫీ ఇస్తాండాం గదప్పా."

అందరూ నవ్వారు. తమ్ముని కొడుకు నవ్వలేదు గానీ, పోయేటప్పుడు జీపు తనే తోలాడు.

స్టూడియోకు వచ్చి అన్ని పాటలూ మళ్లీ తెరిచాను. కోసేసిన ఊపిరులను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టాను. అసలు రికార్డు ఎప్పుడూ చెరపకుండా దాచుకోవడం మా పనిలో మొదటి నియమం. మూడో చరణం బాషా ఒక్కసారికే చెప్పాడు.

*మోకాలేసింది నిజమే, మన్ను నోట్లో పడింది నిజమే*
*చెర్నాకోల పారేసి పిలిస్తే చెవి నిక్కింది నిజమే*
*పడినప్పుడు ఈలలేసినోడా, లేసినప్పుడు యాడికి పోతివి*
*గీత దాకా లాగినాక గెలుపెంత, ఓటమెంత*

ఇంటర్నెట్‌లో మళ్లీ పెట్టేముందు ఆల్బం విని బాషా అన్నది ఒకటే మాట. "ఇప్పుడుండా మామా."

తిరునాళ్లలో వ్యాఖ్యానం చెప్పే మైకు దగ్గరికి చిన్నపరెడ్డే బాషాను తోడుకునిపోయాడు. మొదటి చరణానికి పెండ్లిమర్రి వైపు ఈలలు లేచాయి. మూడో చరణానికి ఈల వేయడానికి వీలు లేకపోయింది. వేస్తే తమనే అన్నట్టు ఉంటుంది. పెద్దవాళ్లు కొందరు ఇదేం పాటని లేచిపోయారు. ఆ రోజు చిన్నపరెడ్డి జత రెండో స్థానంలో నిలిచింది, మోకాలు వేయలేదు. ఓబులేసు తాళంచెవి ఆ సాయంత్రమే చేతికి వచ్చింది. పోటీ అయ్యాక పెండ్లిమర్రి ఎద్దుల యజమాని బాషా దగ్గరికి వచ్చి మా జత మీద కూడా ఒకటి కట్టమన్నాడు.

"ప్రకటనలు రెడ్డి మామ చేస్తాడన్నా. నాది ఆల్బం," అన్నాడు బాషా. ఆ మాటలో ఉన్న బిగువు నాకు ఇష్టమైంది. చేతికి వచ్చిన పనిని కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

తరువాత అది ఎట్లా పాకిందో నేను పూర్తిగా చెప్పలేను. చెన్నూరు, పెండ్లిమర్రి, వేముల పిల్లలు తమ ఎద్దుల బొమ్మల కింద ఆ పాట పెట్టుకున్నారు. ఎద్దులు లేనివాళ్లు బోరు ఎండిన తోటల కింద, పరీక్ష తప్పిన కాగితాల కింద మూడో చరణం పెట్టుకున్నారు. అక్కడినుంచి మిగతా పాటలకు పోయారు. కడప కాలేజీ వాళ్లు పిలిచారు. హైదరాబాదు ఆయన మళ్లీ రాశాడు. ఈసారి యాసే బలం అన్నాడు. ఆయన్ను నేను రెండోసారీ పట్టించుకోలేదు.

రంజాన్ నెలకు ముందు మాబున్ని ఒక్కతే స్టూడియోకు వచ్చింది. ఈసారి కూర్చుంది.

"కువైట్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసినాడప్పా. వాళ్ల రూములో మనోళ్లంతా ఆ పాటలే వింటాండారంట. అక్కా, వాన్ని ఇప్పుడే పంపొద్దు అన్న్యాడు. పంపమని వెంటబడినోడే పంపొద్దన్నాక నేనేం జేసేది?"

"నువ్వు విన్న్యావా?"

"మిషను మీద కట్టింది విన్న్యా. నా మిషను అంత చప్పుడు చెయ్యదు." లేస్తూ అంది. "ఈ యేడికి నిలిపినా. వచ్చే యేడు సంగతి వచ్చే యేడు చూద్దాం."

బాషా ఇప్పుడు రెండో ఆల్బం మీద ఉన్నాడు. ఫ్యాక్టరీ పని వారంలో కొన్ని రోజులే చేస్తున్నాడు.

ఇన్నేళ్ల పనిలో ఎన్నో గొంతులు రికార్డు చేశాను. ఈ ఒక్క ఆల్బం నాకు నేర్పింది ఇది. ఎవరిమీద కట్టినా పాట ఎవరో ఒకరి వాకిట్లోకి పోతుంది, వాళ్లు దాన్ని తమదే అనుకుంటారు. అప్పుడు పాడినవాడు అక్కడికి పోయి, దరువు లేకుండా, వాళ్ల మొగం చూసి అదే మాట మళ్లీ చెప్పగలగాలి, వాళ్లు చెప్పింది వినగలగాలి. ఆ ధైర్యం గొంతులో ఉందో లేదో ఊపిరిలో తెలుస్తుంది. అందుకే ఇప్పుడు ప్రకటనలో తప్ప ఎవరి ఊపిరీ కోయను.

గోనెసంచుల మధ్య ఆ పని ఎంతోకాలం సాగదు. ఆ ఎండాకాలమే గోడౌన్ లోపల గొంతుల కోసమే ఒక గది కట్టించాను. బయటి చప్పుడు చొరబడదు, లోపలి ఊపిరి చెదరదు. జమ్మలమడుగు, మైదుకూరు నుంచి కూడా పిల్లలు వస్తున్నారు. ఆ గదికోసం ఊర్లో మా ఇంటిపేరున మిగిలిన ఒకే ఒక్క ఆస్తి, పంట నూర్చే కళ్లందొడ్డి, అమ్మేశాను.